పొడుగు చెల్క

ఒక పైపు బండిల్ కట్టు విప్పకుండానే మిగిలింది. ఇంకోటి సగానికి సగం మిగిలింది. చెల్క మాత్రం ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా అయిపోయింది.

డ్రిప్పు పైపులు పరవడానికి అమరచింత నుంచి వచ్చిన జయరాజు గట్టు మీద కూలబడి తల గోక్కున్నాడు. నిన్న పక్కనే, పెద్ద బండరాయిని ఆనుకుని ఉన్న గుండు చెల్కలో ఇదే పని చేశాడు. అక్కడా ఎకరమే, ఇక్కడా ఎకరమే. అక్కడ ఏడు బండిళ్లు దింపితే ఏడోది కూడా ముప్పావు పట్టింది. ఇక్కడా ఏడే దింపారు. ఐదున్నరతో పని ముగిసింది.

"పెద్దమ్మా, నడుమ సాళ్లేమన్న ఇడిచిపెట్టిన్నా?" అని కేకేశాడు.

పెంటమ్మ చెల్క చివర మిగిలిన పత్తి కట్టె పీకుతోంది. ఇనుప పట్టుకారుతో మొదట్లో పట్టి, మడమ నేలకు తన్ని, ఒక్క గుంజు గుంజితే వేరుతో సహా రావాలి. రాకపోతే నడుము పోతుంది. వైశాఖం ఎండకు నేల గట్టిపడి సగం కట్టెలు నడుమకే విరుగుతున్నాయి. ఆమె పట్టుకారు కింద పడేసి, కొంగుతో మెడ తుడుచుకుంటూ వచ్చి మిగిలిన పైపు వంక చూసింది.

"నేను పొద్దుగాల కెల్లి ఈడనే ఉన్న కద బిడ్డా. యాడ ఇడిస్తివి? ఏం ఇడవలే."

"మరి పైపెందుకు మిగిలె?"

అదేదో తన తప్పయినట్టు పెంటమ్మ సాళ్లన్నీ మరోసారి కలియజూసింది. ఈ చెల్కలో ఏది తక్కువైనా, ఏది ఎక్కువైనా చివరికి వచ్చి పడేది తన నెత్తినే. ఇరవై రెండేళ్లుగా అదే వరస.

అంతలో బావ వెంకట్రాములు తువ్వాలు తలకు చుట్టుకుని గుండు చెల్కలోంచి వచ్చాడు. పెంటమ్మ పెనిమిటి నరసింహకు సొంత అన్న. మనిషి చెడ్డవాడు కాదు. ఆ సంగతి పెంటమ్మకూ తెలుసు. పైపును కాలితో కదిపి చూసి అన్నాడు:

"సాళ్లు ఎడమెడం పెట్టిచ్చినవేమో సూడు. గందుకే నీకు ఎనిమిదిన్నర క్వింటాళ్లు దాటదు."

అనడంలో వెటకారం లేదు. అదే ఆమెకు మంటెత్తించింది. వెటకారమైతే తిరిగి నాలుగు అనొచ్చు.

"శుక్రారం సీడు కంపెనీ నవీన్ సారు వస్తుండు" అన్నాడు వెంకట్రాములు. "ఎకరాకు తొమ్మిది క్వింటాళ్లు దాటని చేనుకు ఈసారి విత్తనం ఇయ్యరట. నా మాట ఇను పెంటమ్మా. ఈ చెల్క నాకు కౌలుకియ్యి. రెండు చెల్కలు ఒక్క చేతి కింద ఉంటయ్. నీకు పనెట్లా నా దాంట్లనే దొరుకుతది."

"సూద్దాం బావా."

"సూసేదేముంది? ఒక్కటే బోరు, ఒక్కటే మన్ను. నాకు పది పండుతది, నీకు పండదు. తమ్ముడున్నప్పుడు గట్లనే, నువ్వు చేసినా గట్లనే."

ఆయన వెళ్లిపోయాడు. పెంటమ్మ మళ్లీ పట్టుకారు అందుకుంది. సీడు పత్తి పోతే ఈ చెల్కలో మిగిలేది ఆముదాలు, కందులు. కంపెనీ వాళ్లు ఆడ విత్తనం, మగ విత్తనం ఇస్తేనే సాయంత్రం మొగ్గలు గిల్లడం, పొద్దున పుప్పొడి అద్దడం. ఆ పత్తి మళ్లీ వాళ్లే కొనుక్కోవడం. గద్వాల చుట్టూ ఏ ఊళ్లో చూసినా అదే బతుకు. అది పోతే సొంత చెల్కలో తనే కూలిమనిషి. అంతకంటే పెద్ద మాట ఇంకొకటుంది. "నర్సిమ్మ ఎట్ల చేతగానోడో పెండ్లాం గూడ గంతే" అని ఊరు తేల్చేస్తుంది. ఆ మాట పడలేకనే నరసింహ తొమ్మిదేళ్ల కింద పుణె బస్సెక్కాడు. ఇప్పుడక్కడ కాంక్రీటు తట్టలు మోస్తున్నాడు.

మర్నాడు పొద్దు పొడవకముందే జయరాజు టేపు పట్టుకుని మళ్లీ వచ్చాడు. పైపు మిగిలిందని ఆఫీసులో చెబితే, సరిగ్గా పరవకుండా అమ్ముకోబోయావంటారని అతని భయం అతనిది.

"జర టేపు పట్టు పెద్దమ్మా. ఇది తేలకుంటే నా నౌకరీ పోతది."

ముందు సాళ్ల ఎడం కొలిచారు. నాలుగడుగులంటే నాలుగడుగులే, ఎక్కడా వేలెడు తేడా లేదు. తర్వాత గట్లు కొలిచారు. పెంటమ్మ సున్నా అంచును రాయి కింద అదిమి పట్టుకుంటే, అతను టేపు లాక్కుంటూ పోయి మేకు కొట్టి, మళ్లీ అక్కణ్నుంచి లాగుతూ పోయాడు. తూర్పు గట్టు డెబ్బై గజాలు. దక్షిణం డెబ్బై. పడమర, ఉత్తరం కూడా డెబ్బై. గుండు చెల్కకు పోయి దానివీ కొలిచారు. అక్కడా నాలుగు దిక్కులా డెబ్బై.

"సమానమే కద" అంది పెంటమ్మ. ఉన్న కాస్త ఆశా పోయింది. "పంచినప్పుడు గూడ పెద్దమనుషులు తాడుతోటి గట్లనే కొలిచిండ్రు. డెబ్బైకి డెబ్బై అయితే ఎకరం. మా తాతల కాలంకెల్లి గదే లెక్క."

జయరాజు గట్టెక్కి రెండు చెల్కలనూ మార్చి మార్చి చూశాడు. గుండు చెల్క నాలుగు మూలలూ తిన్నగా నిలబడి ఉంది. ఈ చెల్క మాత్రం ఒకవైపు వాగు, ఒకవైపు ఏటవాలు బండిబాట నొక్కేయడంతో రెండు మూలలు దూరంగా సాగి, రెండు మూలలు దగ్గరికి ముడుచుకుని ఉంది. అతను ఉన్నట్టుండి కిందికి దూకి నాలుగు పత్తి కట్టెలు ఏరి, ఒక్క పొడుగుకు విరిచి, కొసలు సుతిలి తాడుతో వదులుగా కట్టాడు. నేల మీద పెడితే చక్కని చదరమైంది.

"ఇది మీ బావ చెల్క. ఇప్పుడు సూడు."

రెండు ఎదురు మూలలు పట్టుకుని మెల్లగా లాగాడు. చదరం వాలి సాగింది. ఇంకా లాగాడు, ఇంకా సన్నబడింది. ఇంకా లాగితే కట్టెలు ఒకదానికొకటి ఆనుకున్నాయి, నడుమ చెయ్యి పట్టేంత సందు లేదు.

"కట్టెలు పొట్టిగయినయా?"

"లే."

"మరి లోపలి జాగ యాడికి పాయె?"

పెంటమ్మ కట్టెలను తన చేతుల్లోకి తీసుకుని తనే ఒకసారి నిలబెట్టి, ఒకసారి వాల్చి చూసింది. నాలుగు వైపులా అదే కొలత. లోపల నేల మాత్రం వాల్చేకొద్దీ తరుగుతోంది. ఇరవై రెండేళ్లు ఏ పెద్దమనిషికీ ఈ సంగతి తట్టలేదు.

"గట్లు కొలిస్తే తెల్వది పెద్దమ్మా. మూలకు మూల కొలవాలె."

దూరపు మూల నుంచి దూరపు మూలకు టేపు పట్టారు. మోడుల మధ్య నుంచి, పరిచిన పైపుల మీదుగా అరగంట పట్టింది. నూట ఇరవై నాలుగు గజాలు. తర్వాత దగ్గరి మూలల నడుమ అడ్డంగా పట్టారు. అరవై ఐదు. రెండు కొలతల దారులూ నట్టనడిమిన ఒకదాన్నొకటి తిన్నగా కోసుకున్నాయి.

జయరాజు పుల్లతో మట్టిలో గీశాడు. ముందు వాలిన చెల్క బొమ్మ, దాంట్లో అడ్డంగా నిలువుగా రెండు గీతలు. తర్వాత నాలుగు మూలలకూ తగిలేలా చుట్టూ ఒక పెట్టె.

"ఈ పెట్టె పొడుగు నూట ఇర్వై నాలుగు, వెడల్పు అర్వై ఐదు. చెల్క లోపల నాలుగు ముక్కలున్నయ్. బయట పెట్టె మూలలకు గూడ నాలుగు ముక్కలున్నయ్. ఒక్కో ముక్క దాని జోడుకు సమానం. అంటే లోపలెంతనో బయట గంతే. పెట్టె మొత్తం గుణిచ్చి సగం చేస్తే నీ చెల్క."

ఫోనులో నొక్కాడు. ఎనిమిది వేల అరవై. సగం చేస్తే నాలుగు వేల ముప్పై చదరపు గజాలు. గుంటకు నూట ఇరవై ఒక్క గజాల చొప్పున ముప్పై మూడు గుంటలు, పైన ఇంకో ముప్పై ఏడు గజాలు.

"మళ్ల చెయ్యి" అంది పెంటమ్మ.

మళ్లీ చేశాడు. మూడోసారీ చేయించింది. తర్వాత గుండు చెల్కలోనూ మూలకు మూల కొలిపించింది. అటు తొంభై తొమ్మిది, ఇటు తొంభై తొమ్మిది. గుణించి సగం చేస్తే నాలుగు వేల తొమ్మిది వందలు. ఎకరం నిండి, ఇంకో అర గుంట.

"ఎకరమంటే నలభై గుంటలు. ఏడు గుంటలు తక్కువ" అంది. "బిడ్డా, ముప్పై మూడు గుంటలల్ల ఎనిమిదిన్నర పండితే, ఎకరం నిండుగ ఉంటే ఎంత పండుతుండె?"

"పది మీద ఇర్వై కిలోలు."

"మా బావది?"

"పదికి పన్నెండు కిలోలు తక్కువ."

పెంటమ్మ గట్టు మీద చతికిలబడింది. ముందు నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. జయరాజు కంగారు పడి నీళ్ల సీసా ఇచ్చాడు. తాగుతుండగానే ఏడుపొచ్చింది. నరసింహ చేతిలో తక్కువ లేదు. ఎన్నడూ లేదు. పదమూడేళ్లు ఆ మనిషి కోడి కూయకముందు లేచి, చీకటి పడ్డాక ఇల్లు చేరి, అన్న కంటే మిన్నగా పండించి, చేతగానోడన్న పేరు మోశాడు. ఊరు అన్నది. వాళ్లమ్మ చనిపోయేదాకా అన్నది. అందరికంటే ఎక్కువ తనే అన్నది. "ఒక్క బోరు నీళ్లే కద, మీ అన్నకు పండింది నీకెందుకు పండదు? నీ చేతులల్ల దుమ్ము వొయ్య" అని అన్నం ముందు పెట్టి మరీ అన్నది. అప్పుడాయన కంచం వంక చూస్తూ మెల్లగా తినేవాడు. ఒక్కనాడు ఎదురు మాట అన్నది లేదు.

అప్పుడే ఫోను చేసి చెబుదామని తీసింది. మళ్లీ లోపల పెట్టుకుంది. వట్టి మాట చెబితే ఏం లాభం? పది మందిలో ఒప్పించి, కాగితం మీద రాయించి, అప్పుడు చెప్పాలి.

ఆ సాయంత్రం బావ ఇంటికి పోయి, నాలుగు కట్టెల చదరం అరుగు మీద పెట్టి వాల్చి చూపించింది. వెంకట్రాములు చూశాడు. తోటికోడలు కిష్టమ్మ చేటలో కందులు చెరగడం ఆపి చూసింది.

"ఇప్పుడేమంటవ్? నేను మోసం చేసిన్నంటవా?" వెంకట్రాములుకు కోపం ముంచుకొచ్చింది. "ఇద్దరు పెద్దమనుషులు తాడు పట్టిండ్రు. నాలుగు దిక్కుల సమానం. పెద్దోడు పంచాలె, చిన్నోడు కోరుకోవాలె, గది మన పద్ధతి. నేను పంచిన. కోరుకున్నది ఎవరు? గుండు చెల్క కావాలంటే గదే ఇద్దును కద! గుండు మీద నిలవడి, పొడుగు చెల్కనే కావాలన్నడు నీ మొగడు."

"ఆయినకేమెర్క బావా, అమాయకపు మనిషి. పొడుగు సూసి మురిసిండు."

"మురిస్తే నేనేం జేస్త?"

అందులో అబద్ధం లేదు. ఎవరి మీద విరుచుకుపడాలో తెలియక పెంటమ్మ కట్టెలు ఏరుకుని లేచింది. కిష్టమ్మ వెనకే వాకిలి దాకా వచ్చి, "చాయ్ తాగి పో పెంటీ" అంది. పెంటమ్మ ఆగలేదు.

శుక్రవారం పది గంటలకు ఆర్గనైజర్ నవీన్ గద్వాల నుంచి బండి మీద వచ్చాడు. వెంకట్రాములు అరుగు మీదే రిజిస్టరు తెరిచాడు. ఎనిమిది మంది రైతులు చుట్టూ కూర్చున్నారు. పెంటమ్మ వంతు వచ్చేసరికి జయరాజు కొలతలు రాసిచ్చిన కాగితం ముందు పెట్టి, తడబడకుండా అంతా చెప్పింది. మూలకు మూల నూట ఇరవై నాలుగు, అరవై ఐదు. గుణించి సగం.

నవీన్ లెక్క చేసుకుని చూశాడు. ముప్పై ఏళ్లు దాటని మనిషి, డిగ్రీ చదివాడు. తలూపాడు.

"లెక్క కరెక్టే పెంటమ్మా. ఇన్నేండ్లు గుంజిన గుంజుడుకు నిన్ను మెచ్చుకోవాలె. కానీ ఇంకో రూలుంది. ఎకరం లోపు చేనుకు విత్తనం ఇయ్యొద్దు. పక్క చేండ్ల పుప్పొడి కలుస్తదని పైనోళ్ల మాట."

"అంటే?"

"ముప్పై మూడు గుంటలని రాస్తే, చిన్న చేనని విత్తనం రాదు. ఎకరమని రాస్తే, తొమ్మిది దాటలేదని రాదు."

వెంకట్రాములు ముందుకు వంగి, ఈసారి చాలా మెత్తగా అన్నాడు:

"కౌలు నా పేరు మీద రాయించు పెంటమ్మా. రెండు కలిస్తే ఒక్క చేనైతది. విత్తనం వస్తది. పంట నువ్వే తీసుకో. నాకు పైస వద్దు. పేరే నాది."

మంచి మాటే. మనసులో మాటే. పెంటమ్మకు ఒక్క క్షణం నోటిదాకా సరేనన్న మాట వచ్చింది. అప్పుడు రిజిస్టరులో రాబోయే గీత కళ్లకు కట్టింది. పండించింది వెంకట్రాములు. ఎప్పటిలాగే వెంకట్రాములు.

"వద్దు బావా" అంది. "సారూ, ఉన్నది ఉన్నట్టు రాయి. రైతు పేరు నరసింహ. చెల్క ముప్పై మూడు గుంటలు. పంట ఎనిమిదిన్నర. ఎకరాకు ఎంత పడ్తదో గది గూడ రాయి."

"రాస్తే విత్తనం పోతదమ్మా. మళ్ల నన్నంటే లాభం లేదు."

"పోనీ. రాయి."

నవీన్ రాశాడు. పక్క గడిలో 'విత్తనం లేదు' అని కూడా రాశాడు.

"జర గట్టిగ సదువు సారూ."

"నరసింహ, ముప్పై మూడు గుంటలు. ఎకరాకు పది క్వింటాళ్ల ఇర్వై కిలోలు."

"ఈ ఊర్ల గింతకు మించి ఎవరికన్న ఉన్నదా?"

నవీన్ కాగితాలు వెనక్కి తిప్పి చూశాడు. "లేదు" అన్నాడు. ఆ మాటకు ఎవరూ తలెత్తలేదు. తర్వాతి మనిషి తన పాసుబుక్కు ముందుకు జరిపాడు.

విత్తనం పోయిందన్న బాధ ఉంది, కానీ దాని మీదుగా పొంగుతున్న సంతోషం ఇంకా పెద్దది. తొమ్మిదేళ్లలో మొదటిసారి పెనిమిటికి చెప్పడానికి తన దగ్గర ఒక మంచి మాట ఉంది. పుణెలో ఒంటిగంటకు అన్నం వేళ. అందాకా ఆగి, బోరు దగ్గర వేపచెట్టు నీడన కూర్చుని ఫోను కలిపింది.

"ఏందే, గీ యాళ్ల చేసినవ్?" వెనక కాంక్రీటు కలిపే మిల్లరు గరగర తిరుగుతోంది.

"తిన్నవా?"

"తింటున్న. చెప్పు."

చెప్పింది. పైపు మిగిలిన దగ్గర్నుంచి రిజిస్టరు దాకా ఒక్క ఊపిరిన చెప్పేసింది.

"ఇంటున్నవా?"

"ఇంటున్న."

"నీ చేతులల్ల ఏం తక్కువ లేకుండె. చెల్కనే తక్కువ. ఊర్ల అందరికంటే నీదే ఎక్కువ. పది మంది ముందల సదివిచ్చిన."

"విత్తనం ఇచ్చిండ్రా?"

"లే. పాయె."

"అయ్యో పెంటా!" గొంతు పైకి లేచింది. "ఎందుకు రాయిస్తివే? అన్న పేరు మీద ఉంటే ఏమైతుండె? తినే కూడు కాలదన్నుకుంటివి కద!"

"నువ్వు చేతగానోనివి గాదని రాయించిన. నీకు సంతోషం గాలేదా?"

మిల్లరు ఆగింది. నరసింహ ఊపిరి కూడా వినిపిస్తోంది.

"నాకు ఎర్కనే" అన్నాడు.

"ఏమెర్క?"

"చెల్క తక్కువని. రెండో ఏడే ఎర్కాయె. నాగలి వట్టినోనికి తెల్వదా? అన్న దాంట్ల ఈ గట్టుకెల్లి ఆ గట్టుకు ప్రతి సాలు నిండుగ పోతది. మన దాంట్ల కడ మూలలల్ల ఎద్దులు మలుపుకునే జాగ ఉండది. సాళ్లన్ని అడుగులతోటి కొలిచి కూడుకున్న. ఆరేడు గుంటలు తక్కువొచ్చింది."

"మరి చెప్పకపోతివి? ఊరంత అంటుంటే..." ఆమె ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. "నేను అంటుంటే ఎందుకు చెప్పకపోతివి?"

అవతల ఎవరో హిందీలో కేకేస్తున్నారు.

"కోరుకొమ్మన్నది నువ్వే కదనే" అన్నాడు. "గుండు కాడ అమ్మ ఎనకాల నిలవడి, గడ్డంతోటి సూపిస్తివి. పొడుగుదే తీస్కో అని. గప్పుడు నీకు పద్దెనిమిదేండ్లు లేవు."

పెంటమ్మకు కళ్ల ముందు కనపడింది. కొత్త కోడలు. నెత్తి మీద కొంగు. గుండు మీంచి చూస్తే ఆ చెల్క వాగు దాకా సాగి, ఎంత పెద్దగానో ఉంది. ఆయన వెనక్కి తిరిగి తన వంక చూశాడు. తను గడ్డం అటు విసిరింది. మూడు రోజులు ఆ తెలివికి తనలో తను మురిసిపోయింది. తర్వాత, పంట తగ్గిన మొదటి ఏడు, అది ఆయన కోరుకున్న చెల్క అయిపోయింది.

"చెప్తే ఊరు నిన్నంటుండె" అన్నాడు నరసింహ. "అమ్మ బతకనియ్యకపోతుండె. నన్నంటే ఏముంది, నేను వడ్త."

పెంటమ్మకు పదమూడేళ్లు కంచం ముందు తనన్న మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఒక్కోదానికీ జవాబు తెలిసి కూడా ఆ మనిషి మెల్లగా అన్నం కలుపుకుని తిన్నాడు.

"ఏడుస్తున్నవా? ఏడువకు. పిలుస్తుండ్రు, పోత" అన్నాడు. పెట్టేశాడనుకుంది. పెట్టలేదు. "ఆముదాలు ఏస్తే మూలలల్ల ఎయ్యకు. నీళ్లందవు" అని చెప్పి, అప్పుడు పెట్టేశాడు.